చిన్నికి జడలు వేసిందెవరు

నేను నర్సును. ప్రాణం పోయిన మనిషికి ఒంటరిగా ఒళ్లు తుడిచి, దుప్పటి కప్పి, వెంటనే పక్క గదిలో కూర్చుని టీ తాగిన రోజులు చాలా ఉన్నాయి. మా వార్డులో ఫలానా మంచం మీద ఎవరో మూలుగుతారని తోటి సిస్టర్లు చెప్పుకుంటుంటే, ఆ మంచం చక్రాలకు నూనె వేయించండి అనేదాన్ని. దెయ్యాల గురించి భయపడే తీరిక నాకు ఎప్పుడూ లేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మీకేమైనా తోస్తే సంతోషమే.

మాది కోనసీమ, రాజోలు దగ్గర. మా ఆయన ప్రసాద్ కువైట్‌లో మిర్కాబ్‌లోని ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. అబ్బాసియాలో చిన్న ఫ్లాట్‌లో ఉంటాం. మాకు ఒక్కతే పాప, హర్షిత. ఇంట్లో చిన్ని అంటాం. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. నేను డ్యూటీకి వెళ్లినప్పుడు చిన్నిని చూసుకునేది రెడ్డెమ్మక్క. ఆమెది రాయచోటి వైపు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. చాలాకాలం అరబ్బుల ఇళ్లలో పనిచేసి, ఒక మామా దగ్గర నుంచి ఇంకో మామా దగ్గరకు (ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు) మారి మారి, చివరికి మా బిల్డింగులో తేలింది.

మా ఆయనకు పాత కాంక్రీటు ఇళ్ల పిచ్చి. నగరంలో సముద్రం ఒడ్డున అలాంటి ఇల్లు ఒకటుంది. నూనె డబ్బులు వచ్చిన కొత్తలో ఎవరో పేరున్న విదేశీ ఆర్కిటెక్టు కట్టాడట. ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో దాని ఫోటోలు ఉంటాయట. కాలేజీ పిల్లలు వచ్చి ఎదురుగా కూర్చుని దాని బొమ్మ గీసుకుంటారు. యజమానులు వేరే దేశంలో ఉంటారు. ఇల్లు ఎప్పుడూ మూసే ఉంటుంది. గేటు దగ్గర చిన్న గదిలో బంగ్లాదేశ్ అతను ఒకడు కాపలా ఉంటాడు. ఇక్కడ కాపలావాళ్లను హారిస్ అంటారు.

మొదటిసారి ఆ ఇంటిని చూసినప్పుడు, డబ్బులు చాలక మధ్యలో ఆపేశారేమో అనుకున్నాను. రంగు లేదు, పూత లేదు. పైకప్పు పలక ఒకటి ఏ ఆధారమూ లేకుండా ముందుకు చాచుకుని ఉంది.

"చూడవే సత్యా, ఇందులో ఒక్క గోడన్నా అనవసరంగా ఉందేమో చూపించు" అన్నారు మా ఆయన, తనే కట్టినట్టు.

ఆ రోజు రెడ్డెమ్మక్క కూడా మాతో ఉంది. ఆమె ఇంటిని కింద నుంచి పైదాకా చూసి, "ఇంత పెద్దింట్లో పనిమనిషి యాడ పండుకుంటాది సారూ?" అని అడిగింది. ఆయన ఫోన్లో ప్లాను తీసి చూపించారు. వంటగది వెనక, స్టోరు పక్కన, కిటికీ లేని చిన్న గది. "అట్లనే ఉంటాదనుకున్న్యాలే" అంది ఆమె.

ఆ ఇంటి దగ్గరే పిల్లలతో పెట్టెల ఆట ఆడిద్దామన్న ఆలోచన ఆయనకు ఆఫీసులో పనిచేసే ఒక ఇంగ్లీషాయన చెప్పిన కబుర్ల వల్ల వచ్చింది. వాళ్ల దేశంలో అదొక సరదా. చిన్న డబ్బాలో ఒక రబ్బరు ముద్ర, ఒక చిట్టి పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు. ఎక్కడుందో పొడుపు కథలా రాసి ఇస్తారు. కనిపెట్టినవాళ్లు డబ్బాలోని ముద్రను తమ పుస్తకంలో వేసుకుని, తమ సొంత ముద్రను డబ్బాలోని పుస్తకంలో వేసి, మళ్లీ అక్కడే దాచేసి వెళ్లిపోతారు. దొరికేది ఆ ముద్ర ఒక్కటే. దానికోసం పెద్దవాళ్లు కూడా కొండలూ గుట్టలూ ఎక్కుతారట.

మా ఆయన రెండు వారాలు అదే పనిలో ఉన్నారు. పాత హవాయి చెప్పుల అడుగులు కోసి, కొబ్బరిచెట్టు, పడవ, పీత ముద్రలు చెక్కారు. చిన్నీ, మాతో ఆటకు వచ్చే రెండు కుటుంబాల పిల్లలూ పెన్సిలు రబ్బర్లను చెక్కుకున్నారు. చిన్నిది బాతు. రెడ్డెమ్మక్క నేనూ ఆడతానని, సంచిలో ఒక బెండకాయ వేసుకుని వచ్చింది. అడ్డంగా కోసి ఇంకులో అద్దితే పువ్వు పడుతుంది కదా. అందరి ముద్రల్లోకీ అదే బాగుందని మా ఆయన తప్ప అందరూ ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా వైపు కుడి, ఎడమల కంటే దిక్కులే అలవాటు. పీట మీద కూర్చున్న మనిషిని కూడా కాస్త తూర్పుకు జరగమంటాం. ఆ తూర్పు ఏదో తెలియడానికి సూర్యుణ్ణి చూడక్కర్లేదు, సముద్రం ఎటుంటే అటే. కువైట్‌లో మేం సెలవు రోజుల్లో వెళ్లేది సాల్మియా ఒడ్డుకు. అక్కడ కూడా సముద్రం తూర్పునే ఉంటుంది. అందువల్ల మా ఆయన ఆ ఇంటి గేటు ముందు నిలబడి, సముద్రం కేసి చూసి, తూర్పు అని రాసేశారు. కానీ ఆ ఇంటి దగ్గర సముద్రం ఉత్తరం వైపు ఉంది. ఉద్యోగంలో రోజూ ప్రతి కాగితం మీద ఉత్తరం గుర్తు పెట్టే మనిషి ఆయన.

నాకు చదివి వినిపించినప్పుడు నాకూ తేడా తెలియలేదు. మాతో వచ్చిన రెండు కుటుంబాలూ గోదావరి వాళ్లవే. ఎవరికీ తెలియలేదు.

మూడో డబ్బాకు ఆయన రాసింది ఇది: గేటు దగ్గర నిలబడి తూర్పుకు నడవండి. గోడ వస్తే దాని వెంటే పొండి. గోడ తెగిన చోట చూడండి. ఆయన ఉద్దేశంలో అది సముద్రం ఒడ్డున నడిచే దారి పక్కనున్న పొట్టి గోడ. మెట్ల దగ్గర అది తెగుతుంది. ఇంటికీ ఆ గోడకూ మధ్య కార్లు ఆపుకునే ఖాళీ స్థలం, అంతే. ప్రమాదం ఏమీ లేదనే అక్కడ పెట్టారు.

మార్చి నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం వెళ్లాం. దుమ్ము లేస్తుందని ఫోన్లలో హెచ్చరిక వచ్చింది కానీ సాయంత్రానికి అన్నారు. హారిస్‌తో ముందే మాట్లాడాం. ఇంటి గోడ ముట్టుకోవద్దు, బయట ఎక్కడైనా ఆడుకోండి అన్నాడు. మగవాళ్లు ఒడ్డు దగ్గర నిలబడ్డారు. నేనూ రెడ్డెమ్మక్కా వ్యాను వెనక తలుపు తీసి పులిహోర సర్దుతున్నాం. పిల్లలు నలుగురు. రెండు డబ్బాలు దొరికాయని కేకలు వినబడ్డాయి.

గాలి ఒక్కసారిగా మారింది. అంతవరకు కనబడిన సముద్రం కనబడటం మానేసింది. నారింజ రంగు దుమ్ము వచ్చి మీద పడింది. ఇక్కడ ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. చున్నీ ముక్కుకు కట్టుకుని పిల్లల్ని పిలిచాం. ముగ్గురు వచ్చారు.

చిన్ని రాలేదు. పక్క ఫ్లాట్ వాళ్ల అమ్మాయి శ్రావ్య, పదకొండేళ్ల పిల్ల, దగ్గుతూ చెప్పింది. "ఆంటీ, చిన్ని మాతో రాలేదు. బళ్లో ఇచ్చిన దిక్సూచి తెచ్చుకుంది కదా, దాన్ని చూసి తూర్పు ఇటు కాదు అటు అంది. అంకుల్ రాసింది ఇటేనే అంటే వినలేదు. ఒక్కతే వెళ్లిపోయింది."

మా పాప సరిగ్గానే చూసింది. నిజమైన తూర్పుకు నడిచింది. అటువైపు ఆ ఇంటి పక్క స్థలం. అక్కడి పాత బంగళాను పడగొట్టి, కొత్త భవనానికి నేలమాళిగ తవ్వారు. చుట్టూ రేకులు పాతారు. రేకుల గోడ. ఒకచోట రేకు ఊడి సందు ఉంది. గోడ వస్తే దాని వెంట పొమ్మని, తెగిన చోట చూడమని వాళ్ల నాన్నే రాశారు.

మా ఆయన సముద్రం వైపు పరిగెత్తారు. సముద్రం అంటే అందరికీ ముందు భయం కదా. నేను రేకుల వైపు పరిగెత్తాను. రెడ్డెమ్మక్క నా వెనకే వచ్చింది. సందులోంచి దూరితే లోపల చెయ్యి చాస్తే చెయ్యి కనబడటం లేదు. ఫోన్ లైటు వేస్తే దుమ్మే వెలుగుతోంది. అంచు ఎక్కడుందో తెలియక పాకుతూ వెళ్లాను. నా చేతి కిందే మట్టి జారి కిందకు పడింది. పడిన చప్పుడు చాలాసేపటికి గానీ వినబడలేదు.

లైటు కిందికి వేస్తే, అంచుకు కొంచెం దిగువన వాలు మీద చిన్ని బూటు కనబడింది. గులాబీ రంగుది, ఒకటే.

ఆసుపత్రిలో ఎంతోమంది తల్లుల పక్కన నిలబడ్డాను. డాక్టరు నోరు తెరవకముందే వాళ్లకు తెలిసిపోతుంది. నాకూ అలాగే తెలిసిపోయిందనుకున్నాను. ఏడుపు రాలేదు. కిందికి ఎలా దిగాలి, మెడ కదపకుండా ఎలా పైకి తేవాలి అని ఆలోచిస్తున్నాను. అంతకంటే భయంకరమైన ఆలోచన నా జీవితంలో ఇంకొకటి లేదు.

అప్పుడు రెడ్డెమ్మక్క గొంతు వినబడింది. "సత్యమ్మా, ఈడుందమ్మా. ఈడనే కూకోనుంది."

బంగళాను పడగొట్టినప్పుడు ఈ ఇంటి పెరటి గోడ కూడా కొంత పోయింది. అటు నుంచి ఇటు రావచ్చు. ఆ పేరున్న ఇంటి వెనకవైపు, వంటగది మెట్ల మీద, చిన్ని కూర్చుని ఉంది. వీపు నిటారుగా, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరో కదలొద్దంటే కదలకుండా ఉన్నట్టు. ఒక కాలికి బూటు ఉంది, ఇంకో కాలికి మేజోడు మాత్రమే ఉంది. ఏడవడం లేదు. గోతి అంచు నుంచి ఆ మెట్లకు పెద్ద దూరం లేదు.

దాన్ని ఎత్తుకుని తడిమాను. విరిగిందేమైనా ఉందా, తలకు దెబ్బ తగిలిందా అని చూశాను. అలవాటు ప్రకారం తల వెనక చెయ్యి పెట్టినప్పుడు నా చేతికి జడలు తగిలాయి.

ఆ ఉదయం చిన్నికి తలంటాను. ఆరడానికి టైము లేదని జుట్టంతా కలిపి ఒక రబ్బరు బ్యాండు పెట్టి వదిలేశాను. అది నాకు ఖచ్చితంగా గుర్తుంది, జడ వెయ్యవా అని అది గొణిగింది కూడా. ఇప్పుడు మధ్యలో పాపిడి తీసి రెండు జడలు వేసి ఉన్నాయి. బిగుతుగా, ఒక్క వెంట్రుక పైకి లేవకుండా. నా రబ్బరు బ్యాండు దాని మణికట్టుకు ఉంది. మనం జడ వేసేటప్పుడు, పోతుందని పిల్ల చేతికే తొడుగుతాం కదా, అలాగ.

వ్యానెక్కి కిటికీలన్నీ మూసుకున్నాం. మా ఆయన చిన్ని బూటు లేని కాలిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు నేను, అప్పుడూ తర్వాతా. అందరి తలల్లోనూ దుమ్మే. చిన్ని పాపిడి మాత్రం ఇప్పుడే దువ్వినట్టు శుభ్రంగా ఉంది.

ఇంటికి వెళ్లాక పాలు తాగించి నెమ్మదిగా అడిగాను. దుమ్ములో ఏమీ కనబడలేదట. కాలు జారిందట, బూటు ఊడిందట. అప్పుడు ఒక ఆంటీ చెయ్యి పట్టుకుని లాగిందట. మెట్ల మీద కూర్చోబెట్టి జడ వేసిందట.

"అమ్మ దగ్గరకు వెళ్తానని చెప్పలేదా?"

"చెప్పానమ్మా. జడ అయ్యేదాకా మెదలబాక అంది. లేస్తే మళ్లీ మొదట్నుంచీ వెయ్యాల్సి వస్తాదంది."

తర్వాత ఆంటీ ఎటు వెళ్లిందని అడిగాను. వెనక తలుపు తీసుకుని లోపలికి వెళ్లిపోయిందంది.

మెదలబాక అంటే కదలొద్దని. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. అది రాయలసీమ మాట. చిన్ని దాన్ని రెడ్డెమ్మక్క నోటి నుంచి నేర్చుకుని ఉండవచ్చు, కాదనను. కానీ రెడ్డెమ్మక్క దుమ్ము లేచేదాకా నా పక్కనే, తర్వాత నా వెనకే ఉంది. పులిహోర గిన్నె ఆమె చేతుల్లో ఉంది. శ్రావ్యకు తన జడే వేసుకోవడం రాదు.

రాత్రి పడుకోబెట్టే ముందు జడలు విప్పాను. చివర రిబ్బను లేదు, తాడు లేదు. వెంట్రుకలతోనే చుట్టి ముడి వేసి ఉన్నాయి. ఆ వెంట్రుకలు చిన్నివి కావు. చిన్ని జుట్టు భుజాలు దాటదు. వీటిని చాచితే నా మోచెయ్యి దాటాయి. సగం నల్లగా, సగం తెల్లగా ఉన్నాయి. నా జుట్టు పొట్టిది. రెడ్డెమ్మక్క ప్రతి నెలా తలకు గోరింటాకు పెట్టుకుంటుంది, ఆమెది ఎర్రగా ఉంటుంది.

తర్వాతి శుక్రవారం నేనూ రెడ్డెమ్మక్కా మళ్లీ వెళ్లాం. నా అనుమానం ఒక్కటే. చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే మనిషి ఎవరో దుమ్ముకు అక్కడ చేరి ఉంటుంది. ఆమెను వెతికి పట్టుకుని కాళ్లకు దణ్ణం పెట్టాలనుకున్నాను. ఆ వరసలో ఉన్నవి ఎక్కువగా ఆఫీసులే. ఇళ్లు రెండే. ఒకదాంట్లో ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, ఇంకోదాంట్లో శ్రీలంక ఆమె. ఆ రోజు ఎవరూ బయటికి రాలేదన్నారు. తెలుగు మనుషులు ఈ చుట్టుపక్కల లేరన్నారు.

హారిస్ మమ్మల్ని వెనక వైపు తీసుకెళ్లాడు. వంటగది తలుపుకు బయటి నుంచి ఇనప గొలుసు, తాళం. తాళం తుప్పు పట్టి ఉంది. దాని తాళంచెవి తన దగ్గర ఎప్పుడూ లేదన్నాడు. తను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆ తలుపు తెరవలేదట. లోగడ ఈ ఇంట్లో తెలుగు ఆడమనిషి ఎవరైనా పనిచేసిందా అని హిందీలో అడిగాను. యజమానులనే చూడని మనిషిని, పనిమనుషుల సంగతి నాకేం తెలుస్తుంది దీదీ అన్నాడు. అది నిజమే.

నేను అక్కడితో వదిలేద్దామనుకున్నాను. రెడ్డెమ్మక్క సంచిలోంచి ఒక చెక్క దువ్వెన, కొబ్బరినూనె సీసా, పసుపు కుంకుమ పొట్లం, అబ్బాసియాలో కొన్న మల్లెపూలు తీసి మెట్ల మీద పెట్టింది.

"ఎవురికి పెడతాండావక్కా?" అని ఆమె యాసలోనే అడిగాను. ఎగతాళిగా అడగాలనుకున్నాను కానీ గొంతు అలా రాలేదు.

"ఎవురైతే మనకేమి సత్యమ్మా. ఆడబిడ్డకు తల దువ్విందామె. ఉత్తచేతులతో రాకూడదని తెచ్చినా."

ఆమె దణ్ణం పెట్టుకుంటుంటే నేను పక్కన నిలబడ్డాను. చివరికి నేనూ చేతులు జోడించాను. ఆ వస్తువులు ఆ తర్వాత ఏమయ్యాయో తెలియదు. మేం మళ్లీ అటు వెళ్లలేదు. సముద్రం గోడలో మా ఆయన దాచిన డబ్బా కూడా అక్కడే ఉండిపోయింది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక ఉదయం బడికి ముందు చిన్నికి జడ వేస్తున్నాను. అది మామూలుగా కుదురుగా కూర్చోదు. కదలకే అని విసుక్కున్నాను. అప్పుడు అది ఏదో గుర్తొచ్చినట్టు, "అమ్మా, ఆ ఆంటీ నన్ను రమణీ అని పిలిచింది" అంది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, నువ్వు అడగలేదుగా అంది.

"నీ పేరు అది కాదని చెప్పలేదా?"

"చెప్పాను. నేను రమణిని కాదు, హర్షితనని. 'నాకు తెలుసులే బిడ్డా, నువ్వు మెదలబాక' అంది."

నా చేతిలో జడ సగంలో ఆగిపోయింది. బడి బస్సు వస్తుందన్న ధ్యాస కూడా లేకుండా, దాని తల నా పొట్టకు ఆనించుకుని ఏడ్చాను. గోతి అంచున రాని ఏడుపు అప్పుడొచ్చింది. చిన్ని కంగారుపడి, జడ బాగానే ఉందమ్మా అంటూ నన్ను ఓదార్చింది.

రమణి అనే పేరు తెలుసా అని రెడ్డెమ్మక్కను అడిగాను. "మా తట్టు ఇంటికొక రమణి ఉంటాది, ఎవురని చెప్పేది" అంది. ఆమె కూతురి పేరు మాత్రం అది కాదు.

నేను నర్సును, ఇప్పటికీ దెయ్యాలున్నాయని ఎవరితోనూ అనను. మరి తాళం వేసిన తలుపు సంగతేమిటి, ఆ పొడుగాటి వెంట్రుకల సంగతేమిటి? ఎంత ఆలోచించినా లెక్క కుదరలేదు, ఇక కుదరదు కూడా. ఆమె బతికున్న మనిషో కాదో తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. తన ఒళ్లో ఉన్నది తన బిడ్డ కాదని తెలిసే ఆమె జడ వేసింది.

రమణి ఎవరో, ఏ ఊళ్లో ఉందో, ఇప్పుడు ఎంత వయసుందో నాకు తెలియదు. ఎప్పుడైనా కనబడితే ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అమ్మా, మీ అమ్మ మా పాపకు జడలు వేసింది.